‘నీ ఫిలాసఫీ ఏమిటి?’ అని అడిగితే ఏం రాయాలి

ప్రశ్న: ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, వైకల్యం ఉన్నవాళ్లు రోజువారీ పనులు తామే చేసుకునేలా తోడ్పడే చికిత్స) చివరి ఏడాదిలో ఉన్నాను. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుతో పాటు ‘ఈ వృత్తిలో నా ఫిలాసఫీ’ అని ఒక పేజీ రాసివ్వమన్నారు. నాకేమీ తోచడం లేదు. నాన్నగారేమో, “అవి రాసుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది? పిల్లల సెన్సరీ ఇంటిగ్రేషన్‌లో (స్పర్శ, కదలిక, శబ్దం లాంటివాటిని మెదడు సర్దుకునేలా ఊయల, ఆటలతో చేసే థెరపీ) సర్టిఫికెట్ కోర్సు చేసి సెంటర్ పెట్టు” అంటున్నారు. ఏది మేలు?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. పేజీ ఎలా నింపాలన్నది పైకి కనిపించే బాధ. లోపలున్నది వేరు. ‘నేను చదివింది ఫిజియోథెరపీకి తోకలాంటిదా, నాకంటూ ఒక పని ఉందా?’ అన్నదే నీ భయం. ఉంది. ముందు ఆ టెన్షన్ దించుకో.

పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉన్నాడనుకో. చెయ్యి ఎంత పైకి లేస్తోందో చూసుకుంటే నీ పని అయిపోదు. తన చొక్కా తాను తొడుక్కోగలుగుతున్నాడా అన్నది నీ ప్రశ్న. చచ్చుబడిన చేతిని ముందు దూర్చాలని, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలని నేర్పుతావు. కానీ ఆయన, “చొక్కా మా ఆవిడ తొడుగుతుందిలే, ఉన్న ఓపికతో మనవడితో చదరంగం ఆడుకుంటాను” అంటే? ఊరుకుంటావా, పట్టుబడతావా? దానికి నువ్విచ్చే జవాబు, ఎందుకలా ఇచ్చావన్న కారణం, అదే నీ ఫిలాసఫీ.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. 1917లో అమెరికాలో ఈ వృత్తికి తొలి సంఘం పెట్టినవాళ్లలో జార్జ్ బార్టన్ డాక్టర్ కాదు, ఆర్కిటెక్ట్. క్షయతో, ఆ తర్వాత ఎడమవైపు పక్షవాతంతో బాధపడి, చేతిపనులతో తేరుకున్న రోగి. 1922లో మానసిక వైద్యుడు అడాల్ఫ్ మేయర్ ఈ వృత్తి ఫిలాసఫీ గురించే వ్యాసం రాస్తూ పని, ఆట, విశ్రాంతి, నిద్ర సమతూకంలో ఉండాలన్నాడు.

ఇక సర్టిఫికెట్ కోర్సు. సెన్సరీ ఇంటిగ్రేషన్‌ను రూపొందించిన జీన్ ఏయర్స్ కూడా ఆక్యుపేషనల్ థెరపిస్టే. ఆమె చేసింది ఏళ్ల తరబడి పరిశోధన. నా అనుమానమల్లా దాన్ని కొద్దిరోజుల కోర్సుగా కుదించి, అదొక్కటే నమ్ముకుని సెంటర్లు తెరవడం మీద. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో, ఈ థెరపీ మొత్తం చికిత్సలో ఒక భాగంగా ఉండొచ్చు గానీ, ఎంత పనిచేస్తుందన్న దానికి ఆధారాలు పరిమితమేనని తల్లిదండ్రులకు చెప్పాలంది. ఆ మాట ఎంతమంది చెబుతున్నారు? చేతిలో ఒక్క విద్యే ఉంటే, బిడ్డ ఏ ఇబ్బందితో వచ్చినా ఊయలే ఎక్కిస్తాం. ఆ బిడ్డ తనంతట తాను అన్నం తింటున్నాడా, బడిలో స్నేహితులున్నారా అని అడగడం మర్చిపోతాం. నాకు బాధ కలిగించేది అదే.

మీ నాన్నగారికి ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించు. అయ్యా, సొంతంగా ఒక్క కేసూ చూడని అమ్మాయిని సెంటర్ పెట్టమంటున్నారు. మీ బిడ్డకే ఇబ్బంది ఉంటే అలాంటి చోటికి తీసుకెళ్తారా? అక్కడికొచ్చే తల్లిదండ్రులూ మీలాగే ఆత్రంగా, ఆశగా వస్తారు. ఈ వృత్తి ప్రపంచ సమాఖ్య చదువులో కనీసం 1,000 గంటల ఫీల్డ్‌వర్క్, అంటే రోగులతో నేరుగా పనిచేసే శిక్షణ, ఉండాలన్నది ఊరికే కాదు. సెంటర్ తర్వాతైనా పెట్టొచ్చు. ఇప్పుడు అమ్మాయిని నేర్చుకోనివ్వండి.

రెండూ పోల్చి చెప్పమన్నావు. పోల్చడానికి పెద్దగా ఏమీ లేదమ్మా. నాలుగు రకాల రోగుల్ని చూశాక కోర్సు కావాలనిపిస్తే చేయి. అప్పుడు దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నీకే తెలుస్తుంది.

పేజీ మాత్రం ఈ వారమే రాయి. ‘సమగ్రం’, ‘సాధికారత’ లాంటి మాటలతో మొదలుపెట్టకు. పోస్టింగుల్లో నువ్వు మర్చిపోలేని ఒక రోగితో మొదలుపెట్టు. పేరు వద్దు. ఆ మనిషి ఏం చేసుకోవాలనుకున్నారు, నువ్వేం చేశావు, ఎక్కడ తడబడ్డావు, ఇప్పుడైతే ఏం చేస్తావు, ఇంతే. తడబడ్డ సంగతి రాయడానికి భయపడకు, చదివేవాళ్లు వెతికేది ఆ భాగమే. సగం పేజీయే వచ్చినా పంపించేయి.