తొంభైతో గుణించే అలవాటు

అమెరికాలో దిగిన మొదటి వారంలో ప్రతి తెలుగు బుర్రలోనూ ఒక కాలిక్యులేటర్ ఆగకుండా నడుస్తుంటుంది. కాఫీ 5 డాలర్లా, అంటే 450 రూపాయలు. కటింగ్ 25 డాలర్లా, రెండు వేలు దాటింది, ఆ డబ్బుతో మన ఊళ్లో ఏడాదంతా చేయించుకోవచ్చు. ఈ లెక్క చెడ్డదేం కాదు. కొత్త ఫోన్ దగ్గరా, బ్రాండెడ్ బూట్ల దగ్గరా మిమ్మల్ని ఆపేది ఇదే. చిక్కల్లా, ఇదే లెక్కని డాక్టరు దగ్గరా, పరుపు దగ్గరా, కూరగాయల దగ్గరా కూడా వేసేస్తాం. అక్కడ మిగిల్చిన డాలరు ఏడాది తిరిగేసరికి నడుము నొప్పిగానో, రూట్ కెనాల్ బిల్లుగానో ఎదురొస్తుంది.

డాలర్లలో సంపాదించేవాళ్లకి సరైన కొలత రూపాయి కాదు, గంట. క్యాంపస్‌లో గంటకి 12 డాలర్ల పని అనుకుందాం. క్లాసులు నడిచే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థికి వారానికి 20 గంటలే అనుమతి, కాబట్టి నెలకి వెయ్యి డాలర్ల దరిదాపు. ఇన్సూరెన్స్ లేకుండా, అపాయింట్‌మెంట్ అక్కర్లేని క్లినిక్ అయిన అర్జెంట్ కేర్‌కి వెళ్తే ఉరమరగా 150 నుంచి 250 డాలర్లు, అంటే పదమూడు నుంచి ఇరవై ఒక్క గంటల పని. అదే ఇన్ఫెక్షన్‌ని వారం పాటు ఇంటి నుంచి తెచ్చుకున్న డోలోతో నెట్టుకొచ్చి, చివరికి అర్ధరాత్రి ఎమర్జెన్సీ రూమ్‌లో తేలితే బిల్లు వేలల్లో ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ఏం కొనాలి, ఏం తేకూడదు

కొత్తగా వచ్చినవాళ్లు ఎలాగూ బలవంతపు మినిమలిస్టులే: కార్పెట్ మీద దుప్పటి, ఒక కుక్కర్, ఒక ల్యాప్‌టాప్. సామాను తక్కువ ఉండటం మంచిదే, ఏడాదికో అపార్ట్‌మెంట్ మారేవాళ్లకి మరీను. కానీ మూడు వస్తువుల దగ్గర పీనాసితనం పనికిరాదు: పరుపు, కుర్చీ, బూట్లు. రోజుకి ఏడెనిమిది గంటలు పడుకుని, పది గంటలు కూర్చుని, స్టోర్‌లో పనైతే ఆరు గంటలు నిలబడేది వీటి మీదే. ఒక్కరికి సరిపోయే కొత్త ట్విన్ పరుపు 150 నుంచి 200 డాలర్లకి దొరుకుతుంది. మంచం లేకపోయినా నడుస్తుంది. అయితే పరుపు నేల మీదే వేస్తే వారానికోసారి నిలబెట్టి ఆరనివ్వండి, లేకపోతే అడుగున చెమ్మ పట్టి బూజు వస్తుంది.

నెలాఖరున అపార్ట్‌మెంట్ చెత్తకుండీ పక్కన మంచి సోఫాలు కనిపిస్తాయి. ఫ్రీగా వస్తోందని ఎత్తుకొచ్చేముందు కుషన్ తీసి, కుట్ల వెంట ఫోన్ టార్చ్ వేసి చూడండి. పెన్ను ఇంకు చుక్కల్లాంటి నల్ల మచ్చలుంటే అవి నల్లుల ఆనవాళ్లు. మచ్చలు కనిపించకపోయినా బట్ట, దూది ఉన్నదేదీ వీధిలోంచి తేకపోవడమే నయం. చెక్క బల్ల, ఇనుప రాక్, గాజు సామాను అయితే పగుళ్లూ మేకుల సందులూ చూసి, తుడిచి వాడుకోవచ్చు. ఒకసారి నల్లులు చేరాయా, బట్టలన్నీ డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద కనీసం అరగంట తిప్పాలి, పెస్ట్ కంట్రోల్‌కి వందలు, ఒక్కోసారి వేలు పోయాలి. రూమ్మేట్లతో గొడవ, నిద్రలేని రాత్రులు అదనం.

ఇండియా నుంచి వచ్చే సూట్‌కేసులో స్టీలు గ్లాసుల సెట్టుకన్నా ముందు పెట్టుకోవాల్సినవి: రెండు జతల కళ్లద్దాలు, టీకాల కాగితాలు, రోజూ వాడే మందులుంటే తొంభై రోజులకి మించకుండా, అసలు స్ట్రిప్పుల్లోనే, ఇంగ్లిష్ ప్రిస్క్రిప్షన్‌తో. పళ్లు మాత్రం అక్కడే చూపించుకుని రండి. ఇక్కడ పెద్దవాళ్ల పళ్ల ఖర్చు మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో రాదు. రూట్ కెనాల్, పైన క్యాప్ కలిపి రెండు వేల డాలర్ల దాకా అవ్వచ్చు. ఇప్పటికే వచ్చేసి ఉంటే దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉందేమో చూడండి. టీచర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ చవకగా దొరికింది, తీసుకోవచ్చా?

ఈ ప్రశ్న ప్రతి ఆగస్టులో వస్తుంది. యూనివర్సిటీ ప్లాన్ ఏడాదికి మూడు వేల డాలర్లంటే, బయట ఎనిమిది వందలకే ఉందని సీనియర్లు చెబుతారు. కొన్ని యూనివర్సిటీలు బయటి ప్లాన్‌ని ఒప్పుకుంటాయి కూడా. సంతకం పెట్టేముందు ఆ చవక ప్లాన్‌లో నాలుగు చూడండి: ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందా, ఏటా చేసే ఆరోగ్య పరీక్ష ఉచితమా, మానసిక వైద్యం ఉందా, ఏడాదికి మీ జేబులోంచి పోయే మొత్తానికి గరిష్ఠ పరిమితి ఉందా. చివరిది లేకపోతే మిగతా మూడూ ఉన్నా ఆ ప్లాన్ తీసుకోమని చెప్పలేం. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మిమ్మల్ని కాపాడే గీత అదొక్కటే.

బిల్లు ఎలా పడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేముందు మీరే కట్టాల్సింది) 1,500, కోఇన్సూరెన్స్ (ఆ తర్వాతి ఖర్చులో మీ వాటా) 20 శాతం, ఏడాది పరిమితి 5,000 డాలర్లు ఉన్న ప్లాన్. ఆసుపత్రితో ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకున్న ధర 6,000. మొదటి 1,500 మీవే. మిగిలిన 4,500లో 20 శాతం, అంటే 900, అదీ మీదే. మొత్తం 2,400. ఆ ఏడాది ఇంకెంత వైద్యం జరిగినా, నెట్‌వర్క్‌లోని (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న) ఆసుపత్రుల్లో, ప్లాన్ కవర్ చేసే చికిత్సలకి మీరు ఇంకో 2,600కి మించి కట్టరు.

ఆసుపత్రి నుంచి మొదట వచ్చిన కాగితానికి వెంటనే డబ్బు కట్టకండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈఓబీ అనే కాగితం వస్తుంది. అది బిల్లు కాదు, మీ వాటా ఎంతో చెప్పే లెక్క. రెండిట్లో అంకె కలిస్తేనే కట్టాలి. కలవకపోతే, లేదా కట్టలేకపోతే, బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి వరసగా మూడు అడగండి: దేనికెంతో విడివిడిగా చూపే ఐటమైజ్డ్ బిల్ పంపమని, ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం ఇవ్వమని, వడ్డీ లేని వాయిదాలు పెట్టమని. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఈ సహాయ విధానం చట్టప్రకారం ఉండి తీరాలి. అడగనివాళ్లకి మాత్రం దాని గురించి చాలాసార్లు తెలియనే తెలియదు. అసలు చేయకూడని పని ఒకటుంది, ఆ బిల్లుని క్రెడిట్ కార్డు మీద గీకేయడం. వైద్యపు బాకీగా ఉన్నంతకాలం దానికి కొంత వెసులుబాటు ఉంది: ఏడాది దాటని బాకీలు 2022 నుంచి, 500 డాలర్ల లోపువి 2023 నుంచి మూడు పెద్ద క్రెడిట్ బ్యూరోల రిపోర్టుల్లో కనిపించవు. కార్డు మీదకి ఎక్కిందా, అది 24 శాతం వడ్డీ తినే మామూలు అప్పు.

ఉచితంగా దొరికేదాన్ని వాడుకోకపోవడం ఇంకో రకం నష్టం. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం (ఒబామాకేర్) పరిధిలోకి వచ్చే చాలా ప్లాన్లలో ఏటా ఒక ఆరోగ్య పరీక్ష, నెట్‌వర్క్ డాక్టరు దగ్గర, కోపే (విజిట్‌కి మీరు కట్టే వాటా) లేకుండా చేయించుకోవచ్చు. ఆ పరీక్ష మధ్యలో "ఈమధ్య మోకాలు నొప్పండీ" అని కొత్త విషయం ఎత్తితే మాత్రం డాక్టరు దాన్ని వేరే విజిట్‌గా బిల్లు చేయచ్చు. దాచమని చెప్పడం లేదు, బిల్లు వచ్చినప్పుడు ఆశ్చర్యపోకండి అంతే. షుగర్ పరీక్ష తప్పకుండా అడగండి. మన ఒళ్లు సన్నగా కనిపించినా షుగర్ తొందరగా వస్తుందని, ఆసియా వాళ్లకి బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 దగ్గర్నుంచే పరీక్షించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. 170 సెంటీమీటర్ల మనిషికి అది 66 కిలోలు దాటగానే. ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య వస్తే హెచ్చరిక, 6.5, ఆపైన అంటే షుగర్ వచ్చినట్టే.

తారీఖుల బరువు

సామాను తగ్గించుకోవడం కన్నా తారీఖులు తగ్గించుకోవడం అసలైన మినిమలిజం. నాలుగు కార్డులు, రెండు చోట్ల నాలుగు వాయిదాల కొనుగోళ్లు, మూడు ఫ్రీ ట్రయల్స్, రూమ్మేట్లకి ఇవ్వాల్సిన చేబదుళ్లు. ఒక్కోటి చిన్నదే. కానీ ప్రతిదీ రాత్రి పదకొండింటికి ఒకసారి గుర్తొస్తుంది. తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోతకు ముందు, చేతిలో డబ్బాడక కటకటలాడే రోజుల్లో బుద్ధి పరీక్షలు పెడితే, చెరకు డబ్బు చేతికొచ్చాక అదే రైతులకి వచ్చిన మార్కుల కన్నా తక్కువ వచ్చాయి. మనుషులు వాళ్లే, బుర్ర మీది బరువే తేడా. పరీక్షలకి చదువుకుంటూ కార్డు బాకీ మోస్తున్న ఎం.ఎస్. విద్యార్థి పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందనుకోలేం.

కాబట్టి ఒక బ్యాంకు, ఒక కార్డు, మహా అయితే రెండు. కార్డు కంపెనీకి చెబితే చాలావరకు డ్యూ డేట్ మారుస్తారు. జీతం పడిన మూడు నాలుగు రోజులకి పెట్టించుకోండి. ఆటోపే పెట్టేటప్పుడు "మినిమమ్ డ్యూ" కాకుండా "స్టేట్‌మెంట్ బ్యాలెన్స్" ఎంచుకోండి. ఈ ఒక్క టిక్కు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 2,400 డాలర్ల బాకీ, 24 శాతం వడ్డీ అనుకుంటే నెల వడ్డీ 48. మినిమమ్ అంటే చాలా కార్డుల్లో అసలులో ఒక శాతం, దానిపైన వడ్డీ. అంటే 72 కడితే అసలు తగ్గేది 24 మాత్రమే. పైగా బాకీ మిగిల్చినంతకాలం కొత్తగా కొన్న పాల డబ్బా మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, గడువు వెసులుబాటు పోతుంది.

ఇంటి దగ్గరి లోను సంగతి వేరు. అది రూపాయల్లో ఉంది కాబట్టి అక్కడ గుణించడం కాదు, భాగించాలి. 40 లక్షల లోను, 11 శాతం వడ్డీ అంటే ఏడాదికి 4.4 లక్షలు, నెలకి దాదాపు 36,700. తొంభైతో భాగిస్తే నెల వడ్డీ 408 డాలర్లు. గుండెల మీద కొండలా ఉన్న 40 లక్షల కన్నా 408 అనే అంకె మోయడం తేలిక. ఆ అంకెని అమ్మానాన్నలకి కూడా చెప్పండి. ఇల్లు తాకట్టు పెట్టింది వాళ్లు, ఎంత ఎప్పుడు వస్తుందో తెలియక బీపీ పెరిగేది కూడా వాళ్లకే. ఉద్యోగం రాగానే మొత్తం లోనుకే పోసేయకండి. ముందు ఒక నెల అద్దె, తిండి పక్కన పెట్టి, తర్వాత దాన్ని మూడు నెలలకి పెంచండి. ఎఫ్-1 ఓపీటీలో (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, సైన్స్, టెక్నాలజీ చదువులవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. హెచ్-1బీ వాళ్లకి ఉద్యోగం పోయాక 60 రోజుల వరకే గడువు. చేతిలో డబ్బు లేకపోతే ఆ రోజుల్లో దొరికిన మొదటి కన్సల్టెన్సీ ఏ కాగితం పెడితే దాని మీద సంతకం పెట్టేస్తాం.

వంటింట్లో కూడా ఇంతే. అన్నం, బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, మ్యాగీతో నెలకి వంద డాలర్లలో గడిపేయొచ్చు, ఆరు నెలల తర్వాత ఏ1సీలో అది తెలుస్తుంది. ఇంకో నలభై పెడితే కందిపప్పు, గుడ్లు, పెరుగు, ఫ్రీజర్లో దొరికే బెండకాయ ముక్కలు, పాలకూర వస్తాయి. ఫ్రోజెన్ కూరగాయల్ని తక్కువగా చూడకండి, పోషకాల్లో తాజావాటికి పెద్దగా తీసిపోవు, పారేయాల్సిన పనీ ఉండదు. హోల్‌సేల్ స్టోర్లో చవకని ఇద్దరికి పెద్ద ఆకుకూర డబ్బా కొంటే సగం చెత్తబుట్టలోకే పోతుంది.

ఇక ఉద్యోగం కుదిరాక కథ తిరగబడుతుంది. కార్పెట్ మీద పడుకున్నవాళ్లే రెండు కార్లు, నాలుగు బెడ్‌రూముల ఇల్లు, గ్యారేజీ నిండా విప్పని పెట్టెలతో తేలతారు. ఇంకో దెబ్బ కనిపించకుండా తగులుతుంది: నెలసరి ప్రీమియం తక్కువని ఎక్కువ డిడక్టబుల్ ప్లాన్ తీసుకుని, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకుతారు. ఆ ప్లాన్ తీసుకుంటే హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకి దాచుకునే) ఖాతాలో ముందు డిడక్టబుల్‌కి సరిపడా వేయండి. 2026లో ఒక్కరికి 4,400, కుటుంబానికి 8,750 డాలర్ల దాకా పన్ను లేకుండా వేసుకోవచ్చు. ఏడాది చివర మిగిలినా పోదు.

రాత్రిపూట ఏదైనా నొప్పి వచ్చి, వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతే ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్స్ లైన్ నంబరుందేమో చూడండి. చాలా ప్లాన్లలో ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం. మర్నాడు చూపించుకోవచ్చో, అర్జెంట్ కేర్ చాలో వాళ్లే చెబుతారు. మనసు బాగోలేనప్పుడు 988 హెల్ప్‌లైన్ కూడా అంతే, ఉచితం. యూనివర్సిటీ కౌన్సెలింగ్ అయితే మీరు ఇప్పటికే కట్టిన ఫీజులో చాలాచోట్ల కలిసే ఉంటుంది. ఛాతీలో నొక్కినట్టు నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరి అందకపోవడం, వీటికి మాత్రం నర్స్ లైన్ కూడా వద్దు, 911. డబ్బు కట్టగలరా లేదా అన్నదాంతో పనిలేకుండా ఎమర్జెన్సీలో మిమ్మల్ని చూసి, ప్రాణాపాయం నుంచి గట్టెక్కించాలని 1986 నుంచీ చట్టముంది. బిల్లు తర్వాత వస్తుంది. అప్పుడు ఈఓబీ పక్కన పెట్టుకుని, పైన చెప్పిన మూడు ప్రశ్నలతో ఫోన్ చేయండి.