సంతకం ఉంటే పూచీ తీరిపోతుందా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాకు సొంతిల్లుంది. రేణిగుంట రోడ్డులో షెడ్డు అద్దెకు తీసుకుని ట్రాంపోలిన్, జారుడుబల్లలతో పిల్లల ఆటస్థలం పెడుతున్నాం. పెట్టుబడి 14 లక్షలు, అందులో 9 లక్షలు అప్పు. ఏజెంటు పబ్లిక్ లయబిలిటీ పాలసీ (వచ్చినవాళ్లకు మా వల్ల దెబ్బ తగిలితే పరిహారం కట్టే బీమా) తీసుకోమంటున్నాడు. మా ఆయనేమో "దెబ్బ తగిలితే పూచీ తమదేనని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తాం కదా, ఆ ప్రీమియంతో చీటీ వేద్దాం" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పాలసీ తీసుకోండమ్మా. చీటీ ఎప్పుడైనా వేసుకోవచ్చు.

మీవారి మాటలో సగం నిజముంది. ప్రమాదమని తెలిసి, ఒప్పుకుని దిగినవాడు తర్వాత పరిహారం అడగలేడన్నది చట్టంలో పాత సూత్రమే. చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండగ మీరు చూసే ఉంటారు. కొమ్ములకు కట్టిన పలక కోసం ఎద్దు మీదికి ఉరికిన కుర్రాడికి కొమ్ము తగిలితే "తెలిసే దిగావు కదయ్యా" అనొచ్చు. అదే, ఎవరో డబ్బు తీసుకుని జనాన్ని మిద్దె మీదికి ఎక్కించారనుకోండి, పిట్టగోడ కూలిందనుకోండి. వాళ్లు ఎద్దుల్ని చూడటానికి ఒప్పుకున్నారు, బీటలు వారిన గోడకు కాదు.

మీ దగ్గరా అంతే. ఎగురుతూ పిల్లాడి మడమ మెలిపడితే అది ఆటలో ఉండేదే. స్ప్రింగుల మీది ప్యాడ్ చిరిగి వారమైనా మార్చకపోతే, అందులో కాలు ఇరుక్కుంటే, అది మీ నిర్లక్ష్యం. సంతకం దాన్ని కప్పదు.

"చిరిగిందని వాళ్లకూ కనపడింది కదా" అనడానికీ లేదు. 1891 నాటి స్మిత్ వర్సెస్ బేకర్ కేసు లా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు. తల మీదుగా క్రేను రాళ్లు మోస్తోందని తెలిసే ఆ కూలీ పనిచేశాడు, రాయి పడింది. తెలిసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ అతని పక్షాన తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2019లో తాజ్‌మహల్ హోటల్ కేసులో, పార్క్ చేయమని హోటల్ సిబ్బందికిచ్చిన కారు పోతే టోకెన్ మీద "ఓనర్ రిస్క్" (పూచీ కారు యజమానిదే) అని అచ్చేసినంత మాత్రాన నిర్లక్ష్యపు బాధ్యత తప్పదంది. బోర్డులు రాయించేవాళ్లకే ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు!

పైగా మీ దగ్గర ఆడేది పిల్లలు. 18 ఏళ్లలోపు వాళ్లతో ఒప్పందం చెల్లదు. బిడ్డ హక్కును అమ్మానాన్నలు ముందే రాసిచ్చేశారని కోర్టు ఒప్పుకుంటుందని నమ్మి ఇల్లు పణంగా పెట్టమని నేను చెప్పలేను. అయినా ఆ ఫారం మానకండి. హెచ్చరించారనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది. అవతలివాళ్ల తప్పూ ఉంటే పరిహారంలో ఆ మేరకు కోత పడే వీలుంది.

ఇల్లు అని ఎందుకన్నానంటే, ప్రొప్రైటర్‌గా, అంటే సొంత పేరు మీదే, నడిపితే వ్యాపారపు బాకీ మీ సొంత బాకీయే. అది కొర్లగుంట దాకా వస్తుంది. చీటీ పాడుకుంటే చేతికొచ్చేది మీ డబ్బే, మిగతా వాయిదాలు మళ్లీ మీరే కట్టాలి. వెన్నెముక దెబ్బ తగిలిన పిల్లాడి చికిత్సకు అది ఏ మూలకు?

పాలసీలో ఒక్కో ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని రెండు పరిమితులుంటాయి. మొదటిది తక్కువ పెట్టి ప్రీమియం తగ్గించుకోవద్దు. ట్రాంపోలిన్‌ను మినహాయించారేమో, స్నాక్స్ అమ్మితే ఆహారం వల్ల వచ్చే క్లెయిములు కలిశాయో లేదో రాతపూర్వకంగా అడగండి. మీ పనివాళ్లు ఇందులోకి రారు. వాళ్లకు ఉద్యోగుల పరిహారం కోసం వేరే పాలసీ ఉంటుంది. ఏదైనా జరిగితే ముందు బిడ్డను ఆసుపత్రికి చేర్చి, ఆ రోజే బీమా కంపెనీకి తెలపండి. వాళ్లను అడగకుండా "ఇంత ఇస్తాం" అని ఎవరికీ రాసివ్వకండి.

ప్రారంభానికి ముందు ట్రయల్ అని బంధువుల పిల్లల్ని పిలుస్తారు కదా, పాలసీ ఆ రోజుకే అమల్లోకి వచ్చేలా తేదీ వేయించండి.