పితృవంశం వెతకబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

మన మూలపురుషుడు మద్రాసు సైన్యంతో బందరు వచ్చిన తెల్లదొర అని మీ తాతగారు చెప్పిన మాటను తేల్చుకోవడానికి డీఎన్ఏ పరీక్షకు సిద్ధపడుతున్నావని తెలిసి సంతోషించాను. ఇన్నేళ్లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వంశవృక్షాలు కట్టినదానిగా నా సలహా ఒక్కటే: ముందు కాగితాలు, తరువాతే పరీక్ష. కాగితం ఒక మనిషిని చూపిస్తే డీఎన్ఏ ఆ బంధాన్ని నిలబెడుతుంది లేదా కొట్టివేస్తుంది. పోల్చడానికి మనిషే లేనప్పుడు అది తనంతట తాను ఎవరి పేరూ చెప్పదు.

మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగిరావద్దు. అలా దిగివచ్చేవారు మన ఇంటిపేరే ఉన్న ఏ కెప్టెన్‌నో చూసి, ఆయనే మనవాడని నమ్మి, మిగిలినదంతా ఆయనకు అతికిస్తారు. మీ నాన్న పుట్టిన తేదీ, మీ తాతగారి పెళ్లి నమోదు, ఆయన తండ్రి బాప్తిస్మం, ఇలా ఒక్కో తరానికి ఆధారం దొరికాకే పై తరానికి వెళ్లు.

మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లను లండనుకు పంపేవారు. 1698 నుంచి మొదలయ్యే ఆ నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. చాలావాటిని ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర వెబ్‌సైటులో చూడవచ్చు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచెత్తిన సంగతి తలచుకుంటే, ఆ నకళ్లు సముద్రానికి ఆవల ఉండడం ఎంత మేలో తెలుస్తుంది. అయితే తొలి దశాబ్దాల్లో రోమన్ కాథలిక్కుల నమోదులు వాటిలో చాలా తక్కువ. ఈస్టిండియా కంపెనీ గోరా పటాలాలలో ఐరిష్ కాథలిక్కులు ఎందరో ఉండేవారు కనుక, అక్కడ పేరు లేనంత మాత్రాన మనిషే లేడనుకోకు. కాథలిక్ చర్చి రిజిస్టర్లు కూడా అడుగు. సైనికుడైతే ఎల్/మిల్/11 వరుసలోని మద్రాసు సైన్యపు రిజిస్టర్లు వెతుకు. అతని స్వస్థలం దొరికే అవకాశం అక్కడే ఎక్కువ, ఆ ఊరి పేరు దొరికితే సగం పని అయినట్టే.

బాప్తిస్మపు నమోదును పైపైన చదవకు. తండ్రి పేరు, హోదా స్పష్టంగా ఉంటాయి. తల్లి ఈ దేశపు స్త్రీ అయితే ఆమెకు క్రైస్తవ నామం ఒక్కటే ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగంల పిల్లలను 1805లో ఇంగ్లండు పంపారు. మరుసటి ఏడు లండనులో బాప్తిస్మం ఇచ్చినప్పుడు వారు విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. ఇక్కడి పేర్లతో వెతికితే అక్కడ దొరకరు. అంతటి కుటుంబానికే అలా జరిగితే, సామాన్య సిపాయి పిల్లల సంగతి వేరే చెప్పాలా? పెళ్లి నమోదులో వధువు వితంతువని ఉంటే అక్కడ ఆగి చూడు. పటాలంలో భర్త పోయిన స్త్రీ కొద్ది నెలలకే మరో సైనికుణ్ణి పెళ్లాడడం సాధారణం, అలాంటప్పుడు పిల్లలు మారుతండ్రి ఇంటిపేరుతోనే పెరిగేవారు. ఇంటిపేరు ఒకరిది, రక్తం మరొకరిది అయ్యే దారుల్లో ఇది ముఖ్యమైనది.

ఇప్పుడు పరీక్ష సంగతి. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకే వస్తుంది. నాలో అది లేదు, నీలోనూ మీ నాన్నలోనూ ఉంది. దాని విలువంతా పోలికలోనే ఉంది. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థామస్ జెఫర్సనే తన బానిస స్త్రీ శాలీ హెమింగ్స్ పిల్లలకు తండ్రా అన్నది పాత వివాదం. ఆయనకు పెళ్లి ద్వారా పుట్టి పెరిగి పెద్దయిన కొడుకులు లేరు కాబట్టి, 1998లో ఆయన పెదతండ్రి ఫీల్డ్ జెఫర్సన్ మగ వారసుల నమూనాలు తీసుకున్నారు. శాలీ కొడుకు ఎస్టన్ వంశస్థుడి వై వాటితో సరిపోయింది. ఆమె కొడుకేనని చెప్పుకుంటూ వచ్చిన థామస్ వుడ్సన్ వంశానికి సరిపోలేదు. ఆ పరీక్ష ఒక జెఫర్సన్ మగవాడని మాత్రమే చెప్పింది. ఏ జెఫర్సన్ అన్నది, ఆయా పిల్లలు కడుపున పడిన కాలంలో థామస్ ఇంట్లోనే ఉన్నాడని చూపిన కాగితాలను జతచేసి చాలామంది చరిత్రకారులు నిర్ణయించారు. మనకూ అలాంటి మనిషే కావాలి. ఆ సైనికుడి అన్నదమ్ముల మగ వారసుణ్ణి బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో వెతికి, ఆయనను ఒప్పించాలి.

వై పరీక్ష నీ ప్రాచీన పితృవంశ వర్గాన్ని (హాప్లోగ్రూప్) కూడా చెబుతుంది. ఆర్1బీ వర్గం వచ్చిందని పొంగిపోకు, బ్రిటిష్ మగవారిలో అధికులు ఆ వర్గమే. వై మీద కనీసం 37 గుర్తులను పోల్చే పరీక్ష చేయించు, వీలైతే దాన్ని ఇంకా వివరంగా చదివే బిగ్ వై పరీక్ష. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే హెచ్ వర్గం గానీ ఎల్ వర్గం గానీ వస్తే, మన తండ్రుల వరుస ఈ నేలదే అయి, ఇంటిపేరు బాప్తిస్మంతోనో దత్తతతోనో వచ్చి ఉండవచ్చు. అదీ మన చరిత్రే, దాచవద్దు.

దానితోపాటు అన్ని వైపుల బంధువులనూ చూపే ఆటోసోమల్ పరీక్ష నేనూ చేయించుకుంటాను. మూడో తరం కజిన్లలో, అంటే తాతగారి తాత ఒక్కరే అయినవారిలో, పది మందిలో ఒకరికి ఉమ్మడి డీఎన్ఏ కనిపించకపోవచ్చు కనుక పెద్ద తరం వాళ్ల నమూనాలు ఎంతో విలువైనవి. అందుకే నీకంటే ముందు మీ నాన్నను చేయించుకోమను. మీ తాతగారి మాట నిజం కాదని తేలితే ఏమవుతుందో మీ నాన్నతో ముందే మాట్లాడి, ఆయన మనసారా ఒప్పుకున్నాకే కిట్ తెప్పించు. ఆ లోగా మీ తాతగారి పెళ్లి నమోదు నకలు నాకు పంపు.