ఆరు నెలల పాప, ఆఫీసు నుంచి పిలుపు: రాజీనామా ఇచ్చే ముందు

పాపకు ఆరో నెల అని, వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు విశాఖ ఆఫీసుకు రమ్మంటున్నారని, విజయనగరం నుంచి ఈ తిరుగుడు ఎందుకు, మానేయమని ఇంట్లో అంటున్నారని రాశారు.

ఇప్పుడే మానేయకండి చెల్లీ. కంటి నిండా నిద్ర లేని రోజుల్లో అంత పెద్ద నిర్ణయం వద్దు. నాదీ విజయనగరమే. మా బాబు పుట్టాక నేనూ విశాఖకు రైల్లో తిరిగాను.

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017 సవరణ వచ్చినప్పటి నుంచీ అందరికీ తెలుసు. మిగతావి ఎవరూ చెప్పరు. ఇంటి నుంచి చేయగలిగే పనైతే, సెలవు అయ్యాక కూడా యాజమాన్యంతో మాట్లాడుకుని కొంతకాలం అలాగే చేసుకోవచ్చు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పనివేళల్లో పిల్లలను చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి విడిగా రెండు విరామాలు ఇవ్వాలి. 2020 సామాజిక భద్రతా కోడ్ అనే కార్మిక చట్టంలోనూ ఇవన్నీ ఉన్నాయి.

ఇంటి నుంచి పని మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటేనే. అందుకే నోటిమాటగా అడగకండి, మెయిల్ పెట్టండి. ఎప్పటిదాకా కావాలి, ఏ రోజు ఆఫీసుకు వస్తారు, ఏ పనులు ఇంటి నుంచి పూర్తవుతాయి, అన్నీ తేదీలతో రాయండి. నేను అడిగితే మా మేనేజర్ "చూద్దాం" అని ఊరుకున్నారు. మెయిల్ వెళ్లాకే అది హెచ్ఆర్ దాకా చేరింది.

నాకు అసలు టెన్షన్ పాల గురించే. పిండి తీసిన తల్లిపాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటాయి, బయటైతే నాలుగు గంటలే, మన ఎండలకు అంతసేపు కూడా ఉంచొద్దు. పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి. బాబు సీసా నోట పెట్టనేలేదు. మా అత్త ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పడితే గుటగుటా తాగేశాడు. మీ పాపకూ అలా పట్టి చూడండి, ఆఫీసుకు వెళ్లడానికి రెండు వారాల ముందు నుంచే.

పాపను చూసుకోవడం ఇంట్లో పెద్దావిడ మీదే అంతా వదిలేయొద్దు. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవివ్వాలన్న చట్టం మనకు లేదు, అది పెద్ద అన్యాయమనే నేనంటాను. సెలవు లేకపోయినా సాయంత్రాలు ఉన్నాయి కదా. నేను వచ్చాక మా అత్తకు విశ్రాంతి, రాత్రి తొమ్మిది దాకా బాబు మా ఆయన చేతుల్లోనే. లాల పోయడం, ఉగ్గు పెట్టడం, నిద్రపుచ్చడం అన్నీ ఆయనే నేర్చుకున్నారు. మీవారితోనూ గంటలు ముందే ఖాయం చేసుకోండి, "వీలైతే చూస్తా" అంటే ఒప్పుకోకండి.

మెయిల్ ఎలా రాయాలో తోచకపోతే మీ పని ఎలాంటిదో ఇక్కడే చెప్పండి, కలిసి రాద్దాం.