2 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకోవచ్చా?

ఆటమ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డుకే అతికించి ఉండే, హార్డ్ డిస్కు స్థానంలో వాడే చిప్) నిల్వ ఉన్న లాప్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి లినక్స్ వేయవచ్చా, వేస్తే ఏది వేయాలి, తెలుగు టైపింగు ఏమవుతుంది అని అడిగారు. సరిగ్గా ఇలాంటి యంత్రమే మా ఇంట్లో ఉంది. దానిలో నేను డెబియన్ 12 అనే లినక్స్‌ను, తేలికైన ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో (తెర మీద కనిపించే మెనూలు, విండోల వ్యవస్థతో) వేశాను, డిగ్రీ చదువుతున్న మా చెల్లెలు దానిమీదే నోట్సు రాసుకుంటోంది. కాబట్టి నిశ్చింతగా వేయవచ్చు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి కనుక, అటువైపు మీకు దారి లేదు. 32 జీబీలో రెండు వ్యవస్థలను పక్కపక్కన ఉంచాలని మాత్రం చూడకండి. రెండూ ఇరుకున పడతాయి.

ఏ లినక్స్ అన్నదానికంటే ఏ డెస్క్‌టాప్ అన్నదే ఇక్కడ ముఖ్యం. గ్నోమ్ లాంటి పెద్ద డెస్క్‌టాప్, మీకున్న 2 జీబీ ర్యామ్‌లో సగం వరకు తానే తీసుకుంటుంది. ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ అయితే బ్రౌజరుకు తగినంత చోటు మిగులుతుంది.

ఇలాంటి యంత్రాల్లో చాలామంది ఆగిపోయేది పెన్‌డ్రైవ్ దగ్గరే. ప్రాసెసర్ 64 బిట్లది అయినా, లోపలి యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే మొదట నడిచి, వ్యవస్థను బూట్ చేసే ప్రోగ్రాం) చాలావాటిలో 32 బిట్లది కావడం వల్ల, అనేక లినక్స్ ఇమేజీలు (ఇన్‌స్టాల్ చేయడానికి దింపుకునే ఫైళ్లు) రాసిన పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో అసలు కనిపించనే కనిపించదు. పెన్‌డ్రైవ్ చెడిపోయిందేమోనని మనం దానినే మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చుంటాం. డెబియన్ 12 నుంచి మామూలు 64 బిట్ల ఇన్‌స్టాలర్ ఇమేజీయే ఇలాంటి ఫర్మ్‌వేర్ మీద కూడా బూట్ అవుతుంది. పైగా వైఫై చిప్ పని చేయడానికి కావలసిన ఫైళ్లు (వీటినీ ఫర్మ్‌వేర్ అనే అంటారు) కూడా ఆ ఇమేజీలోనే వస్తున్నాయి. నేను డెబియన్‌ను ఎంచుకోవడానికి ఈ రెండే కారణాలు.

ముందుగా మీ ఫైళ్లన్నీ బయటి డ్రైవులోకి కాపీ చేసుకోండి. నెట్‌ఇన్‌స్ట్ ఇమేజీతో (మిగతా ప్యాకేజీలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇమేజీతో) మొదలుపెడితే, డిస్కు జోలికి పోకముందే అది నెట్‌వర్క్ అడుగుతుంది కాబట్టి, మీ వైఫై పని చేస్తుందో లేదో ఏదీ చెరిపివేయకుండానే తెలిసిపోతుంది. ఆ తర్వాత డిస్కుల జాబితాలో మీ లోపలి నిల్వ హార్డ్ డిస్కు పేరుతో కనిపించదు. 'ఎంఎంసీ/ఎస్‌డీ కార్డ్' అనీ, బ్రాకెట్లలో 'ఎంఎంసీబీఎల్‌కే0' అనీ ఉంటుంది. దానిని చూసి మెమరీ కార్డు అనుకుని వదిలేసి, 'ఎస్‌డీఏ'ను ఎంచుకుంటే, అది మీరు బూట్ చేసిన పెన్‌డ్రైవే కావచ్చు. కాబట్టి మైక్రో ఎస్‌డీ కార్డు ఉంటే ముందే తీసేసి, జీబీల పరిమాణం చూసి ఎంచుకోండి. చివర డెస్క్‌టాపులు అడిగినప్పుడు గ్నోమ్ ముందు ఉన్న గుర్తు తీసేసి ఎల్‌ఎక్స్‌క్యూటీకి పెట్టండి.

ఇన్‌స్టాల్ కాగానే జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసుకోండి. ర్యామ్ నిండుతున్నప్పుడు తక్కువగా వాడే భాగాన్ని అది ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది కనుక, ర్యామ్‌లో పట్టనిది నెమ్మదైన ఈఎంఎంసీ మీదకు పోవడం (స్వాప్) బాగా తగ్గుతుంది. మా దగ్గర తేడా స్పష్టంగా తెలిసింది ఈ ఒక్క మార్పుతోనే. అయినా ఫైర్‌ఫాక్స్‌లో నాలుగైదు ట్యాబులకు మించి తెరవకపోవడం, వీడియో పాఠాలు 480పీలో చూడడం మంచిది. బరువైన వెబ్‌సైట్లను ఏ వ్యవస్థా తేలిక చేయలేదు.

తెలుగు విషయంలో బెంగ అక్కర్లేదు. ఫాంట్స్-తెలు ప్యాకేజీతో లోహిత్, పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. టైపింగు పద్ధతులను మార్చే ఐబస్ ప్రోగ్రాంకు ఎం17ఎన్ ప్యాకేజీ జోడిస్తే, ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికతో పాటు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులు కూడా దొరుకుతాయి. లిబ్రేఆఫీస్‌లో మా చెల్లెలు రాసేది ఇన్‌స్క్రిప్ట్‌లోనే.

అయితే మీ పని డీటీపీ (కంప్యూటరులో పుస్తకాలు, కరపత్రాల పేజీలు కూర్చడం) అయి, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు మీకు రోజూ అవసరమైతే, ఈ యంత్రంలో విండోస్‌ను తీయకండి. ఆ ఫైళ్లలోని అక్షరాలు యూనికోడ్ (అన్ని యంత్రాల్లో ఒకేలా చదవగలిగే ప్రామాణిక పద్ధతి) కావు, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌కు రాసినది, దానిని లినక్స్‌లో నడిపించే ప్రయత్నాలకు 2 జీబీ ర్యామ్ చాలదు.