పనసకాయ వేరు, పనసపండు వేరు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. మా అమ్మగారికి 61 ఏళ్లు. చాలాకాలంగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. ఇటీవల హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే రక్తపరీక్ష) 7.9 వచ్చింది. పనస తింటే షుగర్ తగ్గుతుందని బంధువులు చెప్పడంతో పెరట్లో కాసిన పండ్లు రోజూ తింటూ, మాత్రలు మానేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మాత్రలు మాననివ్వకండి. మీ బంధువుల మాటకు కొంత ఆధారం ఉంది కానీ, అది పండుకు వర్తించదు. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో జరిగి, 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో టైప్ 2 మధుమేహం ఉన్న 40 మందిని రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి 12 వారాలపాటు రోజుకు 30 గ్రాముల పచ్చి పనసకాయ పిండిని, అంతే పరిమాణంలో బియ్యం లేదా గోధుమలు తగ్గించి, వాటికి బదులుగా ఇచ్చారు. మాత్రలు వాడుతూనే ఆ పిండి తిన్నవారిలో హెచ్‌బీఏ1సీ సగటున సుమారు 0.25 మేర తగ్గింది. ఇది చిన్న అధ్యయనం. పైగా అటువంటి పిండి అమ్మే సంస్థ స్థాపకుడు పరిశోధకుల్లో ఒకరు. కనుక ఫలితం ఆశాజనకమే అయినా, దాన్ని నమ్మి మందులు పక్కన పెట్టడం ప్రమాదకరం.

పండు సంగతి వేరు. కాయ ముగ్గేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. గింజ తీసిన తొనలు 100 గ్రాములు తింటే సుమారు 23 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఒంట్లోకి చేరతాయి. ఇది దాదాపు 80 గ్రాముల అన్నంతో సమానం. అమ్మగారికి ఇష్టమైనప్పుడు 60 గ్రాములకు మించకుండా, అంటే మధ్యరకం తొనలు రెండు మూడు, ఆ పూట అన్నం కొంత తగ్గించి ఇవ్వవచ్చు. తొనల పరిమాణం చెట్టుకొక తీరుగా ఉంటుంది కాబట్టి మొదటిసారి తూచి చూడండి. తినే ముందు, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో పరీక్షిస్తే ఆమె శరీరం ఎంతవరకు తట్టుకుంటోందో తెలుస్తుంది. రెండు గంటల తర్వాతి కొలత 180 దాటుతుంటే పరిమాణం ఇంకా తగ్గించాలి.

ఆవపెట్టిన పనసపొట్టు కూర నిశ్చింతగా పెట్టండి, బెల్లం మాత్రం వేయకండి. అయితే కూర తినడం వల్ల కాదు, దాని మూలంగా అన్నం తగ్గడం వల్లే ప్రయోజనం కలుగుతుంది. గింజల్లో పిండిపదార్థం ఎక్కువ కనుక వాటిని కూడా అన్నం లెక్కలోనే చూడాలి. అన్నం బాగా తగ్గించదలిస్తే ముందుగా వైద్యునికి చెప్పండి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ వాడేవారు ఉన్నట్టుండి ఆహారం తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం వంటివి రావచ్చు.

నాకు అన్నింటికంటే ఆందోళన కలిగిస్తున్నది మూత్రపిండాల విషయం. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అదీకాక, మీ ప్రాంతంలో మధుమేహం లేనివారిలోనూ దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎక్కువగా కనిపిస్తోంది. 100 గ్రాముల పనసపండులో సుమారు 450 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతులకు అది మేలే. కానీ మూత్రపిండాలు బలహీనపడినవారిలో పొటాషియం రక్తంలో నిలిచిపోయి గుండె లయను దెబ్బతీయగలదు. కాబట్టి వెంటనే సీరం క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. వాటిలో ఏదైనా తేడా ఉంటే వైద్యుడు అనుమతించేవరకు పండు, గింజలు, కూర అన్నీ ఆపేయండి.