పోర్టోలో తిరుగుబాట్ల చరిత్ర చెప్పే వాకింగ్ టూర్‌కు పెద్దవాళ్లతో వెళ్లొచ్చా? మా నాన్నతో వెళ్లిన అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఆగస్టులో అమ్మగారు, మీ ఆవిడ, పదేళ్ల బాబుతో పోర్చుగల్ వెళ్తున్నారు. పోర్టోలో రెండు రోజులు ఉంటారు. ఆ ఊరి తిరుగుబాట్ల కథ చెబుతూ మూడు గంటలు నడిపించే గైడెడ్ టూర్ ఒకటి కనబడింది. పోర్చుగల్ చరిత్ర బొత్తిగా తెలియనివాళ్లకు అది అర్థమవుతుందా, అరవై ఐదేళ్ల అమ్మగారు నడవగలరా, లేక ఆ పూట నదిలో పడవ షికారుకు పోవడం మేలా?

వెళ్లండి. పడవ సాయంత్రం కూడా దొరుకుతుంది.

నేను చదువుకోసం పోర్టోలో రెండేళ్లు ఉన్నాను. ఇలాంటి నడకకు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి వెళ్లింది చివర్లో టిప్ ఇచ్చే రకం టూర్. పేరులో ‘విప్లవం’ అని ఉంది కానీ, సగం సమయం ఏ బేకరీలో ఏం బాగుంటుందో చెప్పడానికే సరిపోయింది. రెండోసారి మా నాన్న ఖమ్మం నుంచి వచ్చినప్పుడు, చరిత్ర టీచర్‌గా పనిచేసి రిటైరైన ఒకావిడ చేయించే నడకకు డబ్బు కట్టి వెళ్లాం. రెండింటికీ పోలికే లేదు. కాబట్టి బుక్ చేసేముందు గైడ్‌కు ఒక్క ప్రశ్న రాయండి: “1891 నాటి తిరుగుబాటుదారులు నడిచిన దారిలో మమ్మల్ని నడిపిస్తారా?” అవునంటే కళ్లు మూసుకుని డబ్బు కట్టొచ్చు.

ఆ దారి గురించి ముందు చెబుతాను, ఎందుకంటే నాకు పోర్టో అర్థమైంది అక్కడే.

1890 జనవరిలో బ్రిటన్ పోర్చుగల్‌కు ఒక హెచ్చరిక పంపింది. ఆఫ్రికాలో అంగోలాకూ మొజాంబిక్‌కూ మధ్య ఉన్న నేల తమదేనని పోర్చుగల్ అంటోంది. అక్కడినుంచి మీ సైన్యాన్ని వెనక్కి పిలవండి, లేదంటే చూసుకుందాం అన్నది బ్రిటన్. రాజు కార్లోస్ తలొగ్గాడు. జనానికి అది తల కొట్టేసినట్టయింది. నేటి పోర్చుగల్ జాతీయగీతం ఆ కోపంలో పుట్టిన పాటే. గొడవపడ్డ ఇద్దరూ ఆఫ్రికావాళ్ల నేల కోసమే కొట్టుకున్నారన్న మాట మా గైడ్ దాచకుండా చెప్పారు. అందుకే ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

ఏడాది తర్వాత, 1891 జనవరి 31 తెల్లవారుజామున, పోర్టోలోని సైనికులు తిరగబడ్డారు. పెద్ద ఆఫీసర్లు దాదాపు ఎవరూ లేరు, ఎక్కువమంది సార్జెంట్లు, వాళ్ల కింది సిపాయిలు. ఇప్పుడు ప్రాసా ద రెపుబ్లికా అని పిలిచే మైదానం దగ్గర పోగై, అల్మాడ వీధిలో బ్యాండు మోగిస్తూ దిగివచ్చారు. మీరూ అలాగే దిగుతారు. తిన్నగా, సన్నగా ఉండే వీధి అది. ఇనుప సామాను కొట్లకు పేరు. తలుపు బందులు, గడియలు, మేకులు అమ్మే పాత దుకాణాలు ఇంకా కొన్ని ఉన్నాయి. మా నాన్న ఒక కొట్టు ముందు ఆగి ఇత్తడి గొళ్లెం చేత్తో తూచి చూస్తుంటే టూర్ మొత్తం ఆగిపోయింది.

కిందికి దిగాక వచ్చే చౌక్‌లో అప్పట్లో టౌన్‌హాల్ ఉండేది. దాని బాల్కనీలోంచి ఆల్వెష్ ద వేగా అనే లాయరు రాజరికం పోయింది, ఇక రిపబ్లిక్ అని ప్రకటించాడు. ఎరుపు, పచ్చ రంగుల జెండా ఎగరేశారు. ఆ టౌన్‌హాల్ ఇప్పుడు లేదు. అలియాదోస్ అనే పెద్ద రోడ్డు వేయడానికి 1916లో కూలగొట్టారు. కాబట్టి గైడ్ లేకుండా మీరు అక్కడ నిలబడితే ఏమీ కనబడదు, బ్యాంకులు, బస్‌స్టాప్ తప్ప.

అక్కడినుంచి వాళ్లు తపాలా, టెలిగ్రాఫ్ ఆఫీసును పట్టుకుందామని బటాల్య చౌక్ వైపు నడిచారు. ఇదే అసలు చోటు. అటు ఎక్కే వీధి నిట్టనిలువు ఎత్తు. కింద నిలబడి తలెత్తితే పైన సరిగ్గా వీధి చివర సాంతు ఇల్దెఫోన్సు చర్చి కనబడుతుంది. ఇప్పుడు దాని గోడల నిండా నీలిరంగు పలకలు మెరుస్తుంటాయి. అవి 1930లలో అతికించినవి, ఆ రోజు లేవు. ఆ రోజు చర్చి మెట్ల మీద ఉన్నది మునిసిపల్ గార్డు సైనికులు.

గైడ్ మమ్మల్ని వీధి మొదట్లోనే ఆపి, కథ చెప్పకుండా, “పైకి నడవండి, పైన చెబుతాను” అన్నారు. మా నాన్న పాతికడుగులు వేసి ఆగిపోయాడు. ఆయాసం వల్ల అనుకున్నాను. కాదు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు, సమ్మెల్లో ఊరేగింపులు చాలా చూసినవాడు. పైకీ కిందికీ చూసి, “ఏమ్మా, వీళ్లు కిందినుంచి వచ్చారా? తుపాకులవాళ్లు పైన ఉన్నారా?” అన్నాడు. అవునన్నాను. “పక్కసందు ఒక్కటీ లేదు కదమ్మా” అన్నాడు. నేను ఆ వీధిలో రెండేళ్లు కాలేజీ బ్యాగు వేసుకుని నడిచాను. ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు.

పైకి చేరాక గైడ్ చెప్పింది అదే. ముందు బ్యాండు, వెనక సిపాయిలు, వాళ్లతో కలిసిపోయి జైకొడుతున్న మామూలు జనం. పైనుంచి కాల్పులు మొదలయ్యేసరికి జనం వెనక్కి పరుగెత్తారు. 12 మంది చనిపోయారు, 40 మంది గాయపడ్డారు. కొందరు సిపాయిలు పరుగున వెళ్లి టౌన్‌హాల్లో దూరి తలుపులేసుకున్నారు. ఫిరంగులు పెట్టి వాళ్లనూ బయటికి లాగారు. ఆ రిపబ్లిక్ పట్టుమని ఒక పూట కూడా బతకలేదు. పట్టుబడ్డవాళ్ల మీద విచారణ ఊళ్లో జరపడానికి ప్రభుత్వం సాహసించలేదు. రేవులో నిలిపిన ఓడల మీద మిలిటరీ కోర్టు పెట్టి, చాలామందిని ఆఫ్రికాకు పంపేశారు.

పంతొమ్మిదేళ్లకు, 1910 అక్టోబర్ 5న, రిపబ్లిక్ నిజంగానే వచ్చింది. ఆ వీధికి జనవరి 31 అని పేరు పెట్టారు. 1940లో నియంత సలజార్ ప్రభుత్వం ఆ తేదీని తుడిచేసి పాతపేరు సాంతు ఆంటోనియు వీధి అనే తిరిగి పెట్టింది. 1974లో నియంతృత్వం కూలాక మళ్లీ జనవరి 31 అయింది. ఒక నీలం బోర్డు మీద ఇంత కథ ఉంది. మీ బాబుకు ఆ బోర్డు ముందు ఫోటో తీయించి ఇది చెప్పండి, స్కూల్లో చెప్పుకుంటాడు.

సలజార్ అంటే మీకు తెలియకపోదు. గోవా వదలనని మొండికేసి కూర్చున్నది ఆయనే. 1961 డిసెంబరులో మన సైన్యం వెళ్లేదాకా కదలలేదు. అదే మనిషి తన సొంత జనాన్ని ఎలా తొక్కిపెట్టాడో పోర్టోలో చూస్తారు. కార్లోస్ ఆల్బర్తు చౌక్‌లో ఉంబెర్తు డెల్గాడో విగ్రహం ఉంది. మీరు లిస్బన్‌లో దిగితే ఆ ఎయిర్‌పోర్టు పేరు కూడా ఆయనదే. వైమానిక దళంలో జనరల్, 1958లో అధ్యక్ష ఎన్నికల్లో నిలబడి, గెలిస్తే సలజార్‌ను ఏం చేస్తారని విలేకరి అడిగితే, “ఇంకేముంది, తీసేస్తాను” అన్నాడు. ఆ మాట అన్న నాలుగు రోజులకు, మే 14న, పోర్టో వచ్చాడు. వీధులు పట్టనంత జనం. ఎన్నికల్లో ఓడినట్టు లెక్క చూపించారు. ఆ మరుసటి ఏడాదే అధ్యక్షుణ్ణి జనం ఎన్నుకునే పద్ధతినే ఎత్తేశారు. 1965లో స్పెయిన్ సరిహద్దు దగ్గర డెల్గాడోను రహస్య పోలీసులు చంపారు. ఈ ఊరి బిషప్ ఆంటోనియు ఫెరైరా గోమెష్ సలజార్‌కు నిలదీస్తూ ఉత్తరం రాసినందుకు పదేళ్లు దేశం బయట ఉండాల్సి వచ్చింది.

ఆ రహస్య పోలీసుల పేరు ‘పీడె’. మా నాన్నకు అది ‘పీడ’ అని వినిపించింది, ఆ రోజంతా అలాగే అన్నాడు, నేనూ సరిదిద్దలేదు. వాళ్ల పోర్టో ఆఫీసు ఎరుయిష్ము వీధిలో ఉండేది. ఎరుయిష్ము అంటే వీరత్వం, 1832 ముట్టడిలో (ఆ కథ కింద చెబుతాను) పోరాడినవాళ్ల గుర్తుగా పెట్టిన పేరు. ఇప్పుడు ఆ భవనంలో మిలిటరీ మ్యూజియం నడుస్తోంది. 1974 ఏప్రిల్ 26న, అంటే లిస్బన్‌లో సైన్యం తిరగబడిన మర్నాడు, ఈ గేటు ముందు జనం పోగైతే లోపలి ఖైదీలు బయటికొచ్చారు. ఇది నడక దారికి దూరం, చాలా టూర్లు ఇక్కడికి రావు. మెట్రోలో ఎరుయిష్ము స్టేషన్‌లో దిగి మీరే వెళ్లొచ్చు. పక్కనే ప్రాదు దు రెపోజు శ్మశానం. 1891లో ఓడినవాళ్ల స్మారకం అందులోనే ఉంది.

మిగతా ఆగే చోట్ల గురించి క్లుప్తంగా. గుర్రం మీద డోమ్ పెడ్రో విగ్రహం దగ్గర ప్రతి గైడూ చాలాసేపు నిలబెడతారు. బ్రెజిల్‌కు స్వాతంత్ర్యం ప్రకటించిన రాజు ఈయనే. తమ్ముడు మిగెల్ రాజ్యాంగాన్ని పక్కనపెట్టి గద్దె ఎక్కితే, 1832 జులైలో ఏడున్నర వేల మందితో సముద్రం మీద వచ్చి పోర్టో దగ్గర దిగి, ఊళ్లోకి వచ్చాడు. ఏడాదికి పైగా ముట్టడి. అవతలి ఒడ్డునుంచి ఫిరంగులు, లోపల ఆకలి, కలరా. వెళ్తూ వెళ్తూ మిగెల్ సైన్యం గోదాములకు నిప్పుపెడితే వేల పీపాల వైన్ మండుతూ నదిలోకి పారింది. ఊరు మాత్రం లొంగలేదు. అందుకే పోర్టోను ‘ఇన్విక్తా’ అంటారు, ఓటమి ఎరుగనిది అని. పెడ్రో తన గుండెను ఈ ఊరికి ఇచ్చి పోయాడు. లాపా చర్చిలో ఐదు తాళాల వెనక ఇప్పటికీ ఉంది. 2022లో బ్రెజిల్ స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లయినప్పుడు విమానంలో తీసుకెళ్లి చూపించి తెచ్చారు. కథ గొప్పదే. కానీ ఆ విగ్రహం నిలబడ్డ చౌక్‌లోనే, ఆయన రాకముందు, 1829లో, రాజ్యాంగం కావాలన్నందుకు 12 మందిని ఉరితీశారు. రాజు గుర్రం మీద ఉన్నాడు, వాళ్లకు దగ్గర్లో ఒక వీధి పేరు మిగిలింది: మార్తిరెష్ ద లిబెర్దాద, స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చినవాళ్ల వీధి. గైడ్ చెప్పకపోతే మీరు అడగండి.

మీరు వెళ్లేది ఆగస్టు కాబట్టి ఇంకో మాట. 1820 ఆగస్టు 24న, అదే ప్రాసా ద రెపుబ్లికా మైదానంలో, బ్రెజిల్‌లో కూర్చున్న రాజు వెనక్కి రావాలని, రాజ్యాంగం ఇవ్వాలని సైన్యం తిరగబడింది. ఆ రోజున మీరు ఊళ్లో ఉంటే ఉదయం ఒకసారి అక్కడికి వెళ్లి నిలబడండి.

తిరుగుబాటు కాకపోయినా, నది ఒడ్డున, రిబేరా పేటలో, ఒక కంచు పలక తప్పక చూడాలి. 1809 మార్చి 29న నెపోలియన్ సైన్యం ఊళ్లోకి వస్తుంటే జనం పడవల వంతెన మీదుగా పారిపోబోయారు. వంతెన విరిగి వేలమంది నదిలో పోయారు. ఆ పలక ముందు ఇప్పటికీ కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. మా నాన్న చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. పక్కన ఒక ముసలావిడ ఏమీ అనకుండా తన చేతిలోని రెండో కొవ్వొత్తి నాన్నకు అందించింది.

ఇక అమ్మగారి సంగతి. మూడు గంటలూ ఆగుతూ నడవడమే కాబట్టి దూరం ఇబ్బంది కాదు, ఎత్తే ఇబ్బంది. పైనుంచి కిందికి దిగే టూర్ ఎంచుకోండి, అల్మాడ వీధి మొత్తం దిగుడే. జనవరి 31 వీధి ఎక్కడం కష్టమైతే అమ్మగారు కిందినుంచే చూసినా అసలు విషయం అర్థమవుతుంది. నదీ తీరం నుంచి బటాల్య దగ్గరికి ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో పైకి లాగే రైలు, ఉంది, తిరుగు ఎక్కుడు దాంతో తప్పుతుంది. రాళ్లు పరిచిన రోడ్లు నున్నగా ఉంటాయి. చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేయించండి. మోకాళ్ల నొప్పులుంటే గైడ్‌కు ముందే రాస్తే నెమ్మదిగా నడిపిస్తారు, మా గైడ్ అలాగే చేశారు.

నడక అయ్యాక మాంసం తినేవాళ్లయితే ‘త్రిపష్’ అడగండి. తెల్ల చిక్కుడు గింజలతో వండిన బోటి. 1415లో ఆఫ్రికా దండయాత్రకు వెళ్లే ఓడలకు మంచి మాంసమంతా ఇచ్చేసి ఊరివాళ్లు బోటి ఉంచుకున్నారని చెబుతారు. పోర్టోవాళ్లు తమను తాము ‘త్రిపైరు’లు, అంటే బోటి తినేవాళ్లం అని గర్వంగా చెప్పుకుంటారు. కారం ఉండదు. మా నాన్న జేబులోంచి పచ్చళ్ల పొట్లం తీశాడు.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. లాపా చర్చి, మ్యూజియం రెండూ ఒకే పూటలో పెట్టుకునే దారి మీరు దిగే హోటల్‌ను బట్టి చెబుతాను.